తార్నాక తారు.. ఓయూ మొరం.. మధ్యలో మీ టైరు!

హైదరాబాద్‌లో అడ్వెంచర్ బండ్లు ఎక్కువగా ఎక్కేది కొండలు కాదు, స్పీడ్ బ్రేకర్లు. నమ్మకం కుదరకపోతే ఓ సాయంత్రం తార్నాక మెట్రో స్టేషన్ కింద పది నిమిషాలు నిలబడండి. స్కూటీలు, డెలివరీ బైకుల మధ్యలోంచి ఎత్తుగా, ముందు చక్రం పెద్దగా ఉన్న బండ్లు వెళ్తుంటాయి. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక కాలేజీ కుర్రాళ్లకు ఈ తరహా బండి కల కాస్త అందుబాటులోకి వచ్చింది. రెండింటికీ ముందు 21 అంగుళాల చక్రమే. తారు రోడ్డు మీదా, మట్టి దారిలోనూ నడిచేలా తయారైన బండ్లు కాబట్టి వీటిని డ్యూయల్ స్పోర్ట్ అంటారు.

బండిని చూసి మురిసిపోయే మనం, దాని టైరు మాత్రం చూడం. అసలు కథంతా అక్కడే ఉంది.

రెండు కిలోమీటర్లు, నాలుగు రకాల నేల

తార్నాక పేరు వెనక ఓ కథ చెబుతారు. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. ఇక్కడో తోట, దాని చుట్టూ తీగ కంచె, పక్కనే నాకా ఉండేవట. ఇప్పుడు ఆ తార్ పోయి తారు మిగిలింది. అటు హబ్సిగూడ వైపు వెళ్తే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వరసగా వస్తాయి. ఇటు తిరిగితే ఉస్మానియా క్యాంపస్.

టైరు ఓపికను పరీక్షించాలంటే ఇంతకంటే మంచి చోటు ఉండదు. మెయిన్ రోడ్డు మీద వేడెక్కిన తారు, పైన జారుడు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు. క్యాంపస్‌లోకి వస్తే చెట్ల నీడ, రాలిన ఆకులు, వాన పడితే వాటి కింద తడి. రోడ్డు దిగితే మొరం, ఇంకాస్త లోపలికెళ్తే పరుపు బండ. ఇవన్నీ నిమిషాల వ్యవధిలోనే.

ఆర్ట్స్ కాలేజీ ముందు ఒక్కసారి ఆగండి. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన, 1939లో ప్రారంభం. అందరూ సెల్ఫీ దిగే ఆ గులాబీ రంగు గోడలు మన గ్రానైట్‌వే. హైదరాబాద్ చుట్టుపక్కల కనిపించే ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అదే జాతి రాయిని క్రషర్‌లో వేసి కంకర చేసి, తారులో కలిపి మన రోడ్లు వేస్తారు. అంటే రోజూ మీ టైరు ఆర్ట్స్ కాలేజీ గోడకు చుట్టాలైన రాళ్ల మీద గరుకు కాగితం మీద రుద్దినట్టు రుద్దుకుంటోందన్నమాట. ఇందులో ఎవరు అరుగుతారో వేరే చెప్పాలా?

మూడు టైర్లు, మూడు స్వభావాలు

డ్యూయల్ స్పోర్ట్ టైర్లను మోటుగా మూడు రకాలు అనుకుందాం.

మొదటిది రోడ్డు వైపు మొగ్గేది. రబ్బరు బ్లాకులు వెడల్పుగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. నేలకు ఎక్కువ రబ్బరు తగులుతుంది కాబట్టి తారు మీద బ్రేక్ బాగా పడుతుంది, అరుగుదల నెమ్మది. మెత్తటి బురదలోకి దిగితే మాత్రం గాడులు మట్టితో నిండిపోయి నున్నటి టైరులా జారుతుంది.

రెండోది సగం సగం. బ్లాకుల మధ్య సందు పెరుగుతుంది. మొరం మీద ధైర్యం వస్తుంది, తారు మీద కొంచెం రొద వస్తుంది.

మూడోది బటన్ టైరు. ఎత్తైన బుడిపెలు, మధ్యలో ఖాళీలు. మట్టిని తవ్వుకుంటూ పోతుంది. అదే తారు మీద ఒక్కో బుడిపె బరువుకు వంగుతూ, వేడెక్కుతూ, అంచులు తెగుతూ త్వరగా అయిపోతుంది.

షాపులో చెప్పే ‘70-30’, ‘50-50’ అంకెలు ఆ కంపెనీ అంచనాలే. అన్ని కంపెనీలూ ఒకే కొలబద్దతో ఇచ్చే మార్కులు కావు. అందుకే ఒక కంపెనీ సగం సగం టైరు, ఇంకో కంపెనీ సగం సగం టైరులా నడవకపోవచ్చు.

అరుగుదలను చదవడం ఎలా?

మంచి పంచర్ షాపులో బండి ఆపండి. మీటర్ చూడకుండానే టైరు తడిమి మీ జాతకం చెప్పేస్తారు. “అన్నా, నడిమిట్ల చదునైంది సూడు. ఊర్ల తిరిగినవ్, మలుపులే లేవ్!” అంటారు. నిజమే. సిటీలో నిటారుగానే నడుపుతాం కాబట్టి వెనక టైరు మధ్యలో అరిగి గుండ్రదనం పోతుంది. అలా చదునైన టైరుతో శ్రీశైలం ఘాట్‌లో మలుపు తిరిగితే, బండి నిదానంగా వాలాల్సింది పోయి ఒక్కసారిగా పడినట్టు వాలుతుంది.

మధ్యలో మాత్రమే బాగా అరిగితే గాలి ఎక్కువైందేమో చూడండి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. ముందు టైరు బ్లాకులు ఒకవైపు పదునుగా, ఒకవైపు పల్లంగా అయితే అది బ్రేకుల పని. సస్పెన్షన్ కూడా ఒకసారి చూపించుకోవాలి. మట్టిలో తిరగడానికి గాలి తగ్గించినవాళ్లు తారు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి. లేకపోతే టైరు వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది.

పక్క గోడ మీద రాతలూ చదవాలి. నాలుగు అంకెల తేదీలో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. ఐఎస్ఐ మార్కు ఉందా, బాణం గుర్తు బండి ముందుకు వెళ్లే వైపే ఉందా చూడండి. స్పీడ్ అక్షరం ‘పి’ అయితే గరిష్ఠ పరిమితి గంటకు 150 కిలోమీటర్లు, ‘ఎస్’ అయితే 180. అది టైరు హద్దు, మనకు పందెం కాదు.

లోతు ఎక్కువైతే ఆయుష్షు ఎక్కువా?

చాలామంది మోసపోయేది ఇక్కడే. బటన్ టైరు గాడులు లోతుగా ఉంటాయి కాబట్టి ఎక్కువ రోజులు వస్తుందనుకుంటారు. ఓ చిన్న లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే.

రోడ్డు టైరు లోతు 8 మిల్లీమీటర్లు, ధర 4,500 రూపాయలు. ప్రతి 1,500 కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు అరుగుతోంది. ద్విచక్ర వాహనాలకు కనీస లోతు 0.8 మిల్లీమీటర్లు. అంటే వాడుకోగలిగేది 7.2 మిల్లీమీటర్లు, మొత్తం 10,800 కిలోమీటర్లు. కిలోమీటరుకు 42 పైసలు.

బటన్ టైరు లోతు 12 మిల్లీమీటర్లు, ధర 6,000. తారు మీద 500 కిలోమీటర్లకే ఒక మిల్లీమీటరు పోతోంది. మిగిలేది 11.2 మిల్లీమీటర్లు, 5,600 కిలోమీటర్లు. కిలోమీటరుకు దాదాపు రూపాయి ఏడు పైసలు. లోతు ఒకటిన్నర రెట్లు, ఆయుష్షు సగం, ఖర్చు రెండున్నర రెట్లు!

ఇలాంటి లెక్క మీ బండికి మీరే వేసుకోవచ్చు. లోతు కొలిచే చిన్న గేజ్ కొనుక్కుని ప్రతి 500 కిలోమీటర్లకు మధ్యలో, రెండు పక్కలా కొలిచి ఫోన్‌లో రాసుకోండి. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోండి. ఇద్దరు స్నేహితులు టైర్లు పోల్చుకోవాలంటే బండి, బరువు, గాలి, దారి ఒకేలా ఉండాలి. ఒకరు ఉప్పల్ నుంచి రోజూ క్లాసుకు వచ్చేవాళ్లు, ఇంకొకరు ఆదివారం మాత్రమే బండి తీసేవాళ్లు అయితే ఆ పోలికకు అర్థం లేదు.

జూన్ తొలి వాన

డబ్బు లెక్క సరే, ప్రాణం లెక్క వేరే ఉంది. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తొలకరి జల్లుకు పల్చటి జిడ్డు పొర అవుతాయి. అప్పుడు టైరుకు రెండు పనులు: నీటిని గాడుల్లోంచి బయటికి పంపడం, మిగతా రబ్బరుతో నేలను పట్టుకోవడం. బటన్ టైరుకు మొదటి పనికి చోటుంది కానీ రెండోదానికి రబ్బరు చాలదు. అరిగిపోయిన రోడ్డు టైరుకు రబ్బరు ఉంది కానీ నీళ్లు పోయే దారి లేదు. తార్నాకలో ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగితే, ఈ రెండింటి మీదున్నవాళ్లకూ కష్టమే.

పైగా 0.8 అనేది ఆఖరి గీత. అక్కడిదాకా ఆగమని కాదు. గాడిలో కనిపించే చిన్న రబ్బరు గట్టుకు టైరు చేరువవుతోందంటే వాన కాలం రాకముందే మార్చేయడం మంచిది. రోజుకు పన్నెండు గంటలు బండి మీదే ఉండే డెలివరీ అన్నలకు, వాయిదాలు కడుతూ బండి నడిపే విద్యార్థులకు అది బరువే. కానీ పడ్డాక అయ్యే ఆసుపత్రి ఖర్చు ముందు టైరు ధర ఎంత?

మరి ఏది కొనాలి?

ఇన్‌స్టాలో హీరోలా కనిపించే టైరు కాదు, మీ వారాన్ని లెక్కపెట్టి కొనండి. సోమవారం నుంచి శనివారం దాకా హబ్సిగూడ, తార్నాక, అడిక్‌మెట్. ఆదివారం భువనగిరి కోట దాకా ఓ రైడ్. ఇదే మీ జీవితమైతే రోడ్డు వైపు మొగ్గే టైరే మీ నేస్తం. క్యాంపస్ మొరం దారులకు, అనంతగిరి వైపు మట్టి బాటలకు అది చాలు, మీరు కాస్త నెమ్మదిగా వెళ్తే చాలు. నెలలో నాలుగైదుసార్లు నిజంగానే పొలం దారులు, రాళ్ల బాటలు పట్టేవాళ్లకు సగం సగం. బటన్ టైరు మాత్రం బురదే లోకమైనవాళ్లకు.

క్యాంపస్‌లో పార్క్ చేసిన బండ్ల మధ్య నడుస్తుంటే టైర్లు చూస్తూ వెళ్లండి. స్టిక్కర్లు లదాఖ్ అంటాయి, టైర్లేమో తార్నాక అంటాయి. టైరు మాటే నమ్మండి. అది అబద్ధం చెప్పదు.