కాలువ దారిన ఒక బాకీ

'నూరుల్ ఈజాహ్' గ్రంథంలో పడవ మీద నమాజును గురించి ఒక చిన్న అధ్యాయమున్నది. మా మదరసాలో దానిని ప్రతి యేటా బోధిస్తాను. వినే పిల్లలు నల్లరేగడి నేలల వారు, పత్తి చేలు, మిరప కళ్లాలు తప్ప వేరే లోకం చూడని వారు. సాగిపోయే పడవలో కారణం లేకున్నా కూర్చుని నమాజు చేయవచ్చునని ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయపడ్డారనీ, ఆయన శిష్యులిద్దరూ అందుకు సమ్మతించలేదనీ నేను చెబుతాను, వారు కంఠస్థం చేస్తారు. నాలుగేళ్ల క్రితం ఒక విద్యార్థి లేచి, "ఉస్తాద్, మీరెప్పుడైనా పడవలో నమాజు చేశారా?" అని అడిగాడు. పాఠానికి సంబంధం లేని ప్రశ్నలు వేయవద్దని కసురుకున్నాను. నిజానికి అప్పటికి నేను పడవే ఎక్కి ఉండలేదు.

నిరుడు మా అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. పర్చూరుకు దగ్గరలోని మా పల్లెలో ఆయన వదిలి వెళ్లినవి ఎకరంన్నర రేగడి చేను, ఒక పెంకుటిల్లు. ఖనన సంస్కారాల ఖర్చు తీరిన తరువాత, వారసుల వాటాలకు ముందు మృతుని అప్పులు తీర్చాలన్న సంగతి పాఠకులకు తెలిసినదే. ఎవరికైనా ఏమైనా ఇవ్వవలసి ఉందేమోనని ఆయన పాత లెక్కల పుస్తకం తిరగవేశాము. 1967వ సంవత్సరపు పుటలో పెన్సిలుతో రాసిన ఒక పద్దు కనిపించింది: సరుగుడు వాసాలు 40, వెల 140 రూపాయలు, ఇచ్చినది 60, బాకీ 80. ప్రక్కన 'పెదగంజాం పడవాయన' అని మాత్రమే ఉన్నది. తక్కిన పద్దులన్నింటికీ అడ్డగీత ఉన్నది. దీనికి లేదు.

ఆ పడవాయన మాట అబ్బా నోట నేను చిన్ననాడే విన్నాను. ఆయన ఎడమ చేతికి రెండు వేళ్లు లేవట. మా ఇంటి కప్పు వేసేనాడు చేతిలో డబ్బు చాలక అబ్బా వెనుదిరిగిపోతుంటే, ఆయనే పిలిచి, మిరపకాయలు అమ్ముకున్నాక ఇవ్వమని వాసాలన్నీ బండికి ఎత్తించాడట. మరుసటి యేడు అబ్బా పైకంతో పెదగంజాం వెళ్లారు. పడవ రాలేదు. ఆ పై యేడూ వెళ్లారు. తరువాత వెళ్లడం మానుకున్నారు. ఎందుకు మానుకున్నారో నేనెన్నడూ అడగలేదు. అయిదు దశాబ్దాలు ఆ వాసాల కిందనే పడుకున్నాము.

తమ్ముడు, "ఎనభై రూపాయలే కదా, ఏ పేదవానికో సదఖా ఇచ్చేద్దాం" అన్నాడు. హక్కుదారుని వెదకకుండా సదఖా చేసి చేతులు దులుపుకోరాదన్నాను. "సరే, ఎనభై ఇచ్చి రండి. నోటుకు నోటే తీర్చాలని ఊరందరికీ చెప్పేది మీరే" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకున్నది. నిజమే, అడిగిన వారికి నేను అలాగే చెబుతూ వచ్చాను. నాణెం విలువ పడిపోయినప్పుడు ఆ విలువను లెక్కగట్టాలన్న ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయాన్ని తరగతిలో చెప్పేవాడినే గాని, జనం ముందు ఎత్తేవాడిని కాను. చీరాలలో ఒక కలప అడితికి వెళ్లి విచారించాను. ఈనాడు సరుగుడు వాసం మూడు వందలట. 140కి నలభై వాసాలైతే 80కి దాదాపు ఇరవై మూడు. ఏడు వేలు పట్టుకుని బయలుదేరాను. అందులో ఎనభై మాత్రమే అబ్బా ఆస్తిలోనిది. మిగిలినది నా జేబులోనిది, ఎందుకంటే అప్పుకు మించి ఇచ్చేటప్పుడు చెల్లెలి వాటాను, తమ్ముని వాటాను వారి మనసు తెలియకుండా ముట్టుకునే హక్కు నాకు లేదు.

జనవరి మాసపు ఉదయం పెదగంజాం చేరాను. విజయవాడ దగ్గర సీతానగరం నుండి 113 కిలోమీటర్లు పారి వచ్చే కొమ్మమూరు కాలువ ఇక్కడితో ముగుస్తుంది. లాకుకు ఇవతల కృష్ణా మంచినీరు, అవతల ఆటుపోట్లుండే ఉప్పునీరు. ఆ ఉప్పునీటి కాలువే బకింగ్‌హామ్ కాలువ. ఇక్కడి నుండి సముద్రానికి సమాంతరంగా మద్రాసు మీదుగా మరక్కాణం వరకు దాదాపు 420 కిలోమీటర్లు పోతుంది. 1806లో మద్రాసు నుండి ఎన్నూరు వరకు తవ్వడంతో మొదలై క్రమంగా ఉత్తరానికి పెరిగింది. 1876-78 నాటి మహాక్షామంలో మద్రాసు నగరంలోని భాగాన్ని ఆకలిగొన్న కూలీల చేత తవ్వించి, నాటి గవర్నరైన బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. తవ్విన వారి పేర్లు ఎక్కడా లేవు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం, ఇలా ఉప్పు, ధాన్యం, వంటచెరకు ఈ దారిన మద్రాసు చేరేవి. 1899లో రైలు వచ్చింది, తరువాత రోడ్డు వచ్చింది, తుపానులు గట్లు తెంపాయి, పూడిక నిండింది. 2008లో దీనిని నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు. ఆనాడు నాకు అక్కడ కనిపించినవి మాత్రం చేపల పడవలే.

వాటిలో ఒక ఇంజను పడవను కుదుర్చుకున్నాను. ముప్పై ఏళ్ల యువకుడు. రెండు వేళ్లు లేని పడవాయన సంగతి చెబితే, "మా తాతల కాలం మాట, సాయిబు గారూ. దక్షిణాన పల్లెపాలెంలో ముసలాళ్లు చెప్పాలి" అన్నాడు. పోటు రానిదే పడవ లేవదని గంటసేపు కూర్చోబెట్టాడు. పడవ వెనుక ఒక పొడవాటి గొట్టం, దాని చివర పంకా. తాడు చుట్టి లాగితే ఇంజను అందుకున్నది. ఇక మాటలు వినబడలేదు. పడమటి గట్టున రొయ్యల చెరువులు, వాటిలో నీటిని చిలికే చక్రాలు, అక్కడక్కడ ఉప్పు మడులు. తూర్పున ఇసుక, తాళ్లు, సరుగుడు తోపులు. ఆ తోపులను చూస్తూ ఉండిపోయాను. రెండుసార్లు తెగిన వలముక్కలు పంకాకు చుట్టుకున్నాయి. అతడు నడుము లోతు నీళ్లలోకి దిగి కత్తితో కోసి తీశాడు. 2004 డిసెంబరు 26న సముద్రం పైకి వచ్చిననాడు ఆ నీళ్లను చాలావరకు ఈ కాలువే మింగి ఊళ్లను కాచిందని, ఇంజను ఆగిన ఆ కాసేపట్లో చెప్పాడు.

పల్లెపాలెంలో రెండు వేళ్లు లేని మనిషి అనగానే గుర్తుపట్టారు. ఆయన పోయి చాలాకాలమైనది. ఒక తుపానులో పడవ పగిలిందట, మళ్లీ కొనలేకపోయాడట. అబ్బా ఎదురుచూసిన పడవ అదే కాబోలు. పెద్దకోడలు ఉన్నది, డెబ్బై దాటిన మనిషి. చేపలు ఎండబెడుతూ నా మాటలన్నీ విన్నది. పైకం చాచాను. చేయి చాపలేదు.

"ఎంతుంది నాయనా?"

"ఏడు వేలు, పెద్దమ్మా."

"ఇది మా ఆయన ఒక్కడి సొమ్ము కాదు గదా. మా మరిదికీ ఉంది, ఆడబిడ్డకీ ఉంది. మరిది కొడుకు వేటకు పోయాడు. వాడొచ్చాక అందరి ముందూ ఇయ్యి" అన్నది.

వారసత్వ అధ్యాయాన్ని పాతికేళ్లుగా బోధిస్తున్న నేను ఆమె వాకిట చాప మీద కూర్చుని ఆ కుర్రవాని కోసం ఎదురుచూశాను. జుహర్ అక్కడే చేశాను. ఇంటికి నలభై కిలోమీటర్లయినా లేదు గనుక నమాజు కుదించే ప్రసక్తి లేదు. ఎండుచేపల మీదకు వచ్చే కాకులను నమాజు ముగిసే వరకు ఆమె చప్పుడు చేయకుండా కర్రతో అదిలిస్తూ ఉన్నది. మూడున్నరకు అతడు వచ్చాడు. ఆడబిడ్డ కూతురిని కూడా పిలిపించి, నోట్లు లెక్కించి మూడు భాగాలు చేశారు. పెద్దమ్మ తన భాగంలో నుండి వంద తీసి, "పడవ కిరాయికి ఉంచు" అని నా చేతిలో పెట్టబోయింది. వద్దని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

తిరుగు ప్రయాణంలో ఆటు మొదలై నీరు తీయసాగింది. అసర్ సమయం జారిపోతున్నది. సూర్యుడు ఎడమ చేతి వైపు, రొయ్యల చెరువుల మీదకు దిగుతున్నాడు. గట్టున దిగుదామంటే మోకాటిలోతు బురద. సంగతి చెప్పగానే అతడు ఇంజను ఆపి, పడవ ముక్కును గట్టుకు ఆనించాడు. ఒడ్డుకు కట్టిన పడవలో నిలబడగలిగినవాడు కూర్చుని నమాజు చేయరాదు. ఇందులో ఇమాముల మధ్య భేదాభిప్రాయం లేదు. కాని లేచి నిలబడితే పడవ ఒరుగుతున్నది, కాళ్లు వణుకుతున్నాయి. అతడు వెనుకకు వెళ్లి, గెడను బురదలోకి దించి, రెండు చేతులా దాని మీద బరువు మోపి, "కానియ్యండి, కదలదు" అన్నాడు. రొయ్యల వాసన వేసే చెక్క మీద తువ్వాలు పరచి, పడమరకు తిరిగి నాలుగు రకాతులూ నిలబడే చేశాను. సలాం చెప్పి చూసేసరికి గెడ మీద అతని చేతులు బిగుసుకుని ఉన్నాయి, నుదుట చెమట.

లాకు దగ్గర దిగేసరికి చీకటి పడింది. మగ్రిబ్ ముగించుకుని కూర్చున్నాక తమ్ముడు ఫోను చేశాడు. ఎంత ఇచ్చారని అడిగాడు. చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. తెగిపోయిందేమోననుకున్నాను.

"ఆ ఎనభై కాక మిగిలినదానిలో నా వంతు ఎంత పడుతుంది, భాయిజాన్?" అన్నాడు.