రుమాలుకు కాగితం దొరికింది

మా దాదా నెత్తిన ఉన్నన్ని రోజులు దాన్ని మేం ఉత్త దస్తీ అనుకున్నాం. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. ఎన్నిసార్లు ఉతికినా నూనె వాసన పోయేది కాదు. భువనగిరి ఖిల్లా రాతి వేడిలో కూడా నెత్తి చల్లగా ఉంటుందనేవాడు దాదా. ఆయన పోయాక దాదీమా దాన్ని సందూకులో దాచింది. అది తేలియా రుమాలని మాకు పత్రికలో నౌకరీ దొరికాక తెలిసింది. మా ఇంటి సంగతులు పరాయి పుస్తకాల్లో చదివి తెలుసుకోవడం మాకు అలవాటే.

ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. అప్పుడు గాని ఎరుపు లోపలికి దిగదు. ఈ పనితనం చీరాల నుంచి మా జిల్లా పుట్టపాకకు చేరింది. చీరాల రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకూ ఆఫ్రికాకూ పోయాయి. అక్కడివాళ్లు తలకు చుట్టుకున్నారు. ఇక్కడ మావాళ్లు లుంగీలుగా కట్టుకున్నారు. నేసింది పద్మశాలి, కట్టింది ముసల్మాన్. నడుమ ఎవరూ మతం అడగలేదు, ధర అడిగారు.

2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. వెనకాలే ఎన్నార్సీ అన్నారు. మా గల్లీలో సందూకు తెరవని ఇల్లు లేదు. అమ్మీ పుట్టిన తారీఖు ఎవరు రాశారు గనక? వరదొచ్చిన ఏడు అంటుంది, ఏ వరదో చెప్పలేదు. కాగితాల కోసం సందూకు అడుగుదాకా వెతికితే రుమాలు బయటపడింది. చిత్రమేమంటే, 2020లో దానికి కాగితం దొరికింది. తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చామని చెన్నై రిజిస్ట్రీ రాసిచ్చింది.

ఈ సంగతి రాద్దామని హైదరాబాద్‌లో ఒక వకీలును కలిశాం. పేర్ల దొంగతనాల కేసులు వాదిస్తాడు. నల్లకోటు వేయకముందు ఒక ఫైనాన్స్ కంపెనీలో లెక్కలు చూశాడు. ఇప్పటికీ నేతగాడు వచ్చి కూర్చుంటే ముందు ఖాతా పుస్తకం అడుగుతాడట.

"కోర్టులో నా కళ పోయిందని ఏడిస్తే చాలదు సాబ్. నకిలీ సరుకుతో వాడెంత మిగిల్చుకున్నాడు, మీరెంత నష్టపోయారు, అంకెల్లో చూపాలి. మగ్గం మీది మనిషి దగ్గర అంకెలుండవు. అవి సేటు దగ్గరుంటాయి" అన్నాడు.

అతని మాటల్లోనే చట్టం మాకు కొంచెం అర్థమైంది. 1999లో చేశారు, 2003లో అమలుకు తెచ్చారు. గుర్తింపు ఒక మనిషిది కాదు, తయారుచేసేవాళ్లందరిదీ. అమ్మడానికీ, ఇంకొకరికి రాసివ్వడానికీ వీల్లేదు. పదేళ్లకోసారి కొత్త చేయించుకోవాలి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నాటికే దక్కింది. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు, 2024లో లక్క గాజులకు. ఆ రెండింట్లో మావాళ్ల చేతులున్నాయి, ఆ పత్రాలు చూస్తే మాకు కడుపు నిండుతుంది. రుమాలు పత్రంలో మాత్రం మేమెక్కడ? నేసినవాడికి గడి ఉంది. తరాలుగా కొని, ఆ మగ్గాలు ఆగకుండా చూసినవాడికి లేదు. ఉండాలని మేం దావా వేయడం లేదు. నేతగాడిది నేతగాడికే చెందాలి. కాని ఆ బట్ట కథ చెప్పేటప్పుడు ఆ తలలను మరిచిపోతే కథ సగమే.

దాదా రుమాలు సంచిలోంచి తీసి చూపించాం. వకీలు వేళ్లతో నలిపి, వాసన చూసి నవ్వాడు.

"అసలుదే. పుట్టపాకదేనా?"

"అవును."

"ఎట్లా తెలుసు? బిల్లుందా?"

మేం జవాబు చెప్పలేదు. ఆ చలికాలమంతా ఈ ప్రశ్న వినీ వినీ ఉన్నాం. ఎప్పటి నుంచి ఇక్కడ? ఎవరి సంతానం? రుజువేది? అతనికి ఆ ధ్యాస లేదు పాపం, అలవాటుగా అడిగాడు. మా మొహాలు చూసి అతనికీ తట్టినట్టుంది. రుమాలు మడతపెట్టి రెండు చేతులతో తిరిగిచ్చాడు, చాయ్ తెప్పించాడు.

ఇంటికొచ్చాక అమ్మీకి ఇచ్చాం. ఆమె దాన్ని నేల మీద పరిచి, అబ్బా బడి టీసీ, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదులు అందులో పెట్టి మూట కట్టింది.

"నూనె అంటుతుంది అమ్మీ, అక్షరాలు పోతాయి" అన్నాం.

"పోనీ బేటా. పురుగు పట్టదు" అంది.