ఆమె పేరున ఒక పద్దు

విశాఖపట్నం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తాయి. ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఈ రెండింటి నీడలో పెరిగిన చిన్న చిన్న వృత్తులను గురించి వ్రాసేవారు మాత్రం తక్కువ. ఒక లారీ సరుకుతో గేటు దాటాలంటే దాని వెంట కొన్ని కాగితాలు నడవాలి. నెల తిరిగేసరికి ఆ కాగితాలన్నీ లెక్కలుగా మారాలి. మాది ఆ లెక్కల వృత్తి. గాజువాకలో నేనూ మావారూ కలిసి ఒక చిన్న ఆఫీసు నడుపుతున్నాము. ఆటోనగర్ వర్క్‌షాపులవారు, రెండు మూడు లారీలు ఉన్న యజమానులు, కూలీలను సమకూర్చే సబ్ కాంట్రాక్టర్లు మా దగ్గరికి వస్తారు. వారి పద్దులు వ్రాసి జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయడం మా జీవనోపాధి. 2011లో మొదలుపెట్టాము. అల్‌హమ్దులిల్లాహ్, ఈనాటికీ దానితోనే ఇల్లు గడుస్తున్నది.

భార్యాభర్తలు కలిసి పనిచేస్తే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. ఓర్పు, సర్దుబాటు, పరస్పర గౌరవం అనే సమాధానాన్ని ఆశిస్తారు. అవన్నీ అవసరమే. అవి లేకపోతే వ్యాపారం మాట అటుంచి కాపురమే నిలువదు. నేను మాత్రం వారికి ముందుగా స్టాంపు పేపరు గురించి చెబుతాను.

మా అబ్బాజాన్ దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట చెట్టు క్రింద బల్ల వేసుకొని ముప్పయ్యేళ్ళు పనిచేశారు. నికాహ్ సమయంలో మావారు నాకు మహర్‌గా ఇచ్చిన మూడు తులాల బంగారాన్ని అమ్మి ఆఫీసు గదికి అడ్వాన్సు కట్టాలనీ, రెండు కంప్యూటర్లు కొనాలనీ మేము అనుకున్నప్పుడు ఆయన అడ్డు చెప్పలేదు. భాగస్వామ్య పత్రం వ్రాసుకోమన్నారు. మహర్ సొమ్ము నా మూలధనమనీ, లాభంలో చెరి సగమనీ, కొత్త తరహా పని ఏది ఒప్పుకోవాలన్నా ఇద్దరి సంతకం ఉండాలనీ ఆయనే ముసాయిదా తయారుచేశారు.

మావారు కొంచెం నొచ్చుకున్నారు. "మా ఇద్దరి మధ్య స్టాంపు పేపరు ఎందుకు మామయ్యా?" అన్నారు.

"మీ ఇద్దరి మధ్య కాదు బేటా, మీ తరువాత మిగిలేవాళ్ళ మధ్య పనికివస్తుంది" అన్నారు అబ్బాజాన్.

అల్‌బఖరా అధ్యాయంలోని 282వ ఆయత్ దివ్య ఖుర్ఆన్ మొత్తంలో అతి సుదీర్ఘమైనది. గడువు పెట్టి చేసే అప్పు లావాదేవీలను, అవి చిన్నవైనా పెద్దవైనా, విసుగు లేకుండా వ్రాసిపెట్టుకోవాలని అది బోధిస్తుంది. ఆ ఆదేశం అప్పులను గురించినదే, నిజమే. అయితే భార్య సొమ్ము భర్త వ్యాపారంలోకి వెళ్ళినప్పుడు ఆ వివేకం అక్కడ ఎందుకు వర్తించకూడదు? మనం పరాయివానికి ఐదువేలు ఇస్తే చీటీ వ్రాయించుకుంటాము. ఇంటి మనిషి దగ్గర మాత్రం వ్రాత అంటే అపనమ్మకమని భావిస్తాము.

1932 నాటి భాగస్వామ్య చట్టం భార్యాభర్తలను భాగస్వాములు కావద్దని ఎక్కడా అనలేదు. పైగా వాటాలు ఇంతింత అని ఒప్పందం లేనిచోట లాభనష్టాలు సమానమని 13వ సెక్షన్ చెబుతుంది. పనిచేసినందుకు జీతం కావాలంటే మాత్రం ఒప్పందంలో ఆ మాట ఉండాలి. లేకుంటే జీతం లేదు. ఈ చిన్న సంగతి తెలియక దుకాణాల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఆడవాళ్ళు ఎందరో.

మా వృత్తిలో రెండు రకాల భార్యలను కాగితాల మీద చూస్తుంటాము. ఒకరు, పేరుండి పని లేనివారు. పన్ను తగ్గుతుందని భర్త ఆమె పేరున నెల జీతం చూపిస్తాడు. ఆమె ఆ ఆఫీసు గుమ్మం కూడా తొక్కి ఉండదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 64వ సెక్షన్ ఇటువంటి వారి కోసమే వచ్చింది. భర్తకు గణనీయమైన వాటా ఉన్న సంస్థనుండి భార్యకు జీతం వెళితే దానిని భర్త ఆదాయంలోనే కలపాలి. ఆమెకు వృత్తి విద్యార్హత ఉండి, ఆ సంపాదన కేవలం ఆ విద్యవల్ల, అనుభవంవల్ల వచ్చినదైతే కలపనక్కరలేదు. ఇలాంటి దొంగ జీతాలు చూపించమని మమ్మల్ని అడిగినవారిని మర్యాదగానే వెనక్కి పంపాము.

రెండవ రకం, పనుండి పేరు లేనివారు. వీరి సంఖ్య చాలా ఎక్కువ. వీరి కోసం ఏ సెక్షనూ లేదు.

2021లో కరోనా రెండవ విడతలో మా ఖాతాదారు ఒకాయన అల్లాహ్ సన్నిధికి చేరారు. మూడు లారీలు, ఓడరేవు నుండి సరుకు తోలే వ్యాపారం. పన్నెండేళ్ళుగా డీజిల్ లెక్క, డ్రైవర్ల బత్తా, టైర్ల ఖర్చు, రావలసిన కిరాయిల వసూలు, అన్నీ ఆయన భార్యే చూసుకునేది. మాకు ప్రతి నెలా పుస్తకం తెచ్చి ఇచ్చేది కూడా ఆమే. మొదటి లారీకి కట్టిన సొమ్ములో ఆమె పుట్టింటి నగలు కూడా ఉన్నాయి. కానీ వ్యాపారం, బ్యాంకు ఖాతా, జీఎస్టీ నమోదు, లారీల ఆర్‌సీలు, అన్నీ ఆయన ఒక్కరి పేరునే. ఇద్దత్ ముగిశాక వాళ్ళ అన్నయ్యతో కలిసి వచ్చి, "ఆపా, ఇప్పుడు నాది ఎంత?" అని అడిగింది.

లెక్క సులువుగా తెలిసేందుకు అప్పులు పోను ఆ వ్యాపారం విలువ ఇరవై నాలుగు లక్షలు అనుకుందాము. మృతునికి తల్లి ఉంది. ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. సంతానం ఉన్నప్పుడు షరీఅత్ ప్రకారం భార్యకు ఎనిమిదవ వంతు, అంటే మూడు లక్షలు. తల్లికి ఆరవ వంతు, నాలుగు లక్షలు. మిగిలిన పదిహేడు లక్షలలో కొడుకుకు ఎనిమిదిన్నర, కూతుళ్ళకు నాలుగుంపావు చొప్పున. పన్నెండేళ్ళు వ్యాపారాన్ని మోసిన మనిషికి మూడు లక్షలు.

ఆమె అన్నయ్య ఆవేశపడ్డాడు. షరీఅత్ ఇలా చెబుతుందా అన్నాడు. మావారు ఆయనను కూర్చోబెట్టి మెల్లగా వివరించారు. షరీఅత్ పంచమన్నది మృతుడు విడిచివెళ్ళిన ఆస్తిని. అందులో సగం మొదటినుండీ ఆమెదే అయినట్లయితే ఆ సగం పంపకంలోకే రాదు. అప్పుడు లెక్క వేరు. పన్నెండు లక్షలు ఆమె సొంతం. మిగిలిన పన్నెండులో ఎనిమిదవ వంతు లక్షన్నర. మొత్తం పదమూడున్నర లక్షలు. తల్లికి రెండు లక్షలు, పిల్లలకు ఎనిమిదిన్నర. అదే షరీఅత్, అవే వాటాలు. పంపకానికి ముందే ఆమె సొత్తును ఆయన సొత్తులో కలిపేసినది మనమే. కనీసం నగల విలువైనా అప్పుగా వ్రాసి ఉంటే, వారసుల పంపకానికి ముందే అది తీరవలసి ఉండేది. ఖుర్ఆన్ వారసత్వ ఆదేశాలు అప్పును పంపకానికి ముందే నిలబెట్టాయి. చెల్లించకుండా మిగిలిపోయిన మహర్ కూడా అలాంటి అప్పే. ఆమె విషయంలో అది కూడా మిగిలే ఉంది. ఎంతో తెలిపే నికాహ్‌నామా దొరికింది కనుక ఆ మేరకు ఆమెకు న్యాయం జరిగింది. నగలకు మాత్రం ఆధారమేదీ లేదు. అత్తగారు మంచి మనిషి. "నాకు తెలుసు, అవి కోడలివే" అని పదిమందిలో సాక్ష్యమిచ్చారు. అలా చెప్పేవారు లేని ఇళ్ళ సంగతి ఏమిటి?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎప్పుడో ఒకసారి ఫోను ఎత్తిన భార్య భాగస్వామి అయిపోదు. అత్తగారి వాటా, మరుదుల వాటా తగ్గించాలని లేని శ్రమను కాగితం మీద చూపించడం కూడా హక్కులు కాజేయడమే. ఇంకొకటి, భాగస్వాములు ఇద్దరే అయినప్పుడు ఒకరి మరణంతో ఆ సంస్థ రద్దవుతుంది. మిగిలినవారు తిరిగి జీఎస్టీ నమోదు చేయించుకోవాలి. కనుక పత్రం ఉంటే అన్నీ వాటంతటవే నడుస్తాయని కాదు. ఎవరి సగం ఎవరిదో మాత్రం తేలుతుంది.

ఉపన్యాసాలలో హజ్రత్ ఖదీజా (రజి) గొప్ప వ్యాపారవేత్త అని మనం గర్వంగా చెప్పుకుంటాము. నాకు ఎక్కువగా గుర్తుకువచ్చేది హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) గారి సతీమణి హజ్రత్ జైనబ్ (రజి). భర్త మీద, తన పోషణలో ఉన్న అనాథల మీద తన సొమ్ము ఖర్చు పెడితే అది దానంగా చెల్లుతుందా అని ఆమె దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిని అడిగించారు. చెల్లుతుందనీ, రెండు పుణ్యాలు లభిస్తాయనీ సమాధానం వచ్చింది. బుఖారీలో ఉన్న ఈ హదీసును మనం భార్య ఔదార్యానికి ఉదాహరణగా చెబుతాము. దానిలో ఇమిడి ఉన్న మరొక సంగతిని గమనించండి. తనది కాని సొమ్మును ఎవరూ దానం చేయలేరు. భర్తకు ఇచ్చినది దానమైందంటే, ఆ సొమ్ము సంపూర్ణంగా ఆమెదే.

మా ఇద్దరికీ అభిప్రాయభేదాలు రాలేదని కాదు. అన్నింటికంటే పెద్దది బ్యాంకు రుణాల ప్రాజెక్టు రిపోర్టుల దగ్గర వచ్చింది. ఒక రిపోర్టు తయారుచేస్తే నాలుగు నెలల రిటర్నుల ఫీజు ఒక్కసారి వస్తుంది. మేము అప్పు ఇవ్వడం లేదు, తీసుకోవడం లేదు, అంకెలు వ్రాసి ఇస్తున్నాము అంతే కదా అన్నది మావారి వాదన. అది తీసిపారేయదగిన వాదన కాదు, ఆఫీసు అద్దె పెరిగిన రోజులవి. వడ్డీ తినేవానితోపాటు దానిని వ్రాసేవాడిని కూడా దైవప్రవక్త (స) శపించారన్న ముస్లిం హదీసు నా మనసును వదలలేదు. రెండు నెలలు మాట్లాడుకున్నాము. పత్రంలో ఇద్దరి సంతకం అన్న షరతు లేకపోతే నేను ఏదో ఒక రాత్రి ఊరుకుండేదాన్నేమో. ఆ షరతు ఉన్నందువల్ల మావారికి నన్ను ఒప్పించవలసిన అవసరం వచ్చింది, ఒప్పించలేకపోయారు. ఆ పని మానేశాము. తరువాత అనకాపల్లిలో రెండవ ఆఫీసు తెరుద్దామని నేను ముచ్చటపడితే ఆయన సంతకం పెట్టలేదు. అదీ అక్కడితో ఆగింది. చంటిబిడ్డకు పాలు మాన్పించే విషయంలోనే దంపతులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలని ఖుర్ఆన్ సూచించింది. ఆఫీసు విషయం దానికంటే తేలికైనదేమీ కాదు.

ఒకే వృత్తి మీద ఇద్దరూ ఆధారపడితే రాబడి తగ్గినప్పుడు ఇద్దరిదీ ఒకేసారి తగ్గుతుంది. 2020 లాక్‌డౌన్‌లో అది బాగా తెలిసివచ్చింది. అందుకని ఆరు నెలల ఇంటి ఖర్చును విడిగా ఉంచుకుంటున్నాము. ఇంట్లోకి ఆఫీసు చొరబడకుండా ఆపడం మాత్రం ఈనాటికీ మాకు చేతకాలేదు. హుద్‌హుద్ తుఫానుకు ఆఫీసు తడిసిపోతే ఖాతాదారుల రశీదులను మా పడకగదిలో తాళ్ళు కట్టి ఆరబెట్టాము. ప్రతి నెలా 11న ఒక రిటర్ను, 20న మరొకటి. 2023 నుండి మూడేళ్ళూ ఆర్థిక సంవత్సరాంతం రమజాన్‌తో ముడిపడింది. 2025లో ఈద్ సరిగ్గా మార్చి 31న వచ్చింది. ఆ మూడేళ్ళూ ఇఫ్తార్ మావారే సిద్ధం చేశారు. రిటర్నులలో నా చేయి వేగం, వంటలో ఆయన చేయి ఫరవాలేదు. "సార్ లేరా?" అంటూ నా ఎదుటే నిలబడి వెతికే ఖాతాదారులకు, "ఆ ఫైలు మేడమ్‌ది, ఆమెనే అడగండి" అని చెప్పి ఆయన తన పనిలోకి తల దించుకుంటారు.

గత సంవత్సరం పత్రాన్ని తిరిగి వ్రాసుకున్నాము. మా ఇద్దరిలో ఎవరికి ముందు పిలుపు వచ్చినా ఆఫీసు విలువ ఎలా కట్టాలో, రావలసిన ఫీజులు ఎవరు వసూలు చేయాలో చేర్చాము. వారసులకు తెలిసి ఉండాలని అత్తమ్మ దగ్గర కూర్చొని మావారు దానిని మొత్తం చదివి వినిపించారు. ఆయన వాటాలో ఆమెకు రాగల ఆరవ వంతును కూడా చెప్పారు. మా మామయ్యగారికి పాతపట్నంలో దర్జీ దుకాణం ఉండేది. ఆయన పోయి పంతొమ్మిదేళ్ళు. అత్తమ్మ అంతా శ్రద్ధగా విని, కళ్ళద్దాలు తీసి ఒడిలో పెట్టుకున్నారు.

"మీ అబ్బా కుట్టిన ప్రతి చొక్కాకూ కాజాలు, గుండీలు నేనే కుట్టాను. ఇరవై ఆరేళ్ళు. అది ఏ పుస్తకంలో ఉంది బేటా?"

మావారు కాగితాలు మడిచి, చాలాసేపు ఆమె పక్కనే కూర్చున్నారు.