ఫ్రిజ్‌లో శనగ మొక్క

పోయిన డిసెంబరులో ఒక రాత్రి మా అమ్మ పాలగిన్నె కోసం ఫ్రిజ్ తెరిచి, "ఏందే ఇది, ఫ్రిజ్‌ల చెట్టు పెట్టినవ్?" అని అరిచింది. అది చెట్టు కాదు, నా సైన్స్ ప్రాజెక్టు. కింది అర తీసేసి, పూతకొచ్చిన శనగ కుండీని అక్కడ పెట్టాను.

మాది బీదరు జిల్లా. ఇక్కడ రబీ అంటే శనగే. "శనగకు చలి కావాలె, గానీ పూత మీద మరీ ఎక్కువైతే కాయ పట్టదు" అని మా తాత అంటుంటాడు. హర్యానా, పంజాబుల్లో ఇది పెద్ద ఇబ్బందే. అక్కడ పూత సమయంలో రోజు సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తగ్గితే మొక్క చావదు, పువ్వూ పూస్తుంది, కానీ కాయ కట్టకుండానే రాలిపోతుంది. అది నా కళ్లతో చూడాలనిపించింది.

ఒకే దుకాణంలో కొన్న విత్తనాన్ని రెండు కుండీల్లో వేశాను. ఒకటి వరండాలో ఉంచాను. రెండోదాన్ని పూతలో ఏడు రాత్రులు ఫ్రిజ్‌లో పెట్టాను. పగలు రెండూ ఎండలోనే. చివరికి వరండా కుండీకి 11 కాయలు, ఫ్రిజ్ కుండీకి 2. సంబరంగా చార్టు మీద పెద్ద అక్షరాలతో రాశాను: "శనగలో చలిని తట్టుకునే జన్యువు లేదని రుజువైంది."

సార్ చూసి అడిగారు. "రెండు కుండీల్లో విత్తనం ఒకటేనా?"

"ఒకటే సార్."

"మరి తేడా దేనివల్ల వచ్చింది?"

"చలి వల్ల సార్."

"అయితే జన్యువు గురించి నువ్వేం చూశావమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. ఎల్లుండే ప్రదర్శన. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఒకే విత్తనాన్ని రెండు వాతావరణాల్లో పెడితే తెలిసేది చలి చేసే పని. జన్యువు సంగతి తెలియాలంటే రెండు రకాల విత్తనాలను ఒకే చలిలో పెట్టాలి. నేను తలకిందులుగా రాశాను.

పశ్చిమ ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇంకా చక్కని ఉపాయం చేశారు. కీలాగ్రం మీద పడిన పుప్పొడి రేణువు నుంచి సన్నని గొట్టం పెరిగి అండాన్ని చేరాలి. చలిలో ఆ గొట్టం సరిగా పెరగదు. శనగలో 16 క్రోమోజోములు ఉంటే పుప్పొడి రేణువులో 8 ఉంటాయి. సంకర మొక్కలో ఏ రేణువుకు ఏ వాటా వస్తుందో చెప్పలేం. అందుకే చలిని తట్టుకునే రకాన్ని మామూలు రకంతో కలిపి, ఆ సంకరపు పుప్పొడిని చలిలోనే పరాగసంపర్కం చేయించారు. చలిలోనూ అండాన్ని చేరిన రేణువుల నుంచే విత్తనం వచ్చింది. అంటే పరీక్ష పెట్టింది చలే, ఎంపిక చేసిందీ చలే. అలా 2004లో సోనాలి, రూపాలి అనే రకాలు విడుదలయ్యాయి. వాటికి చలి గుణం ఇచ్చిన రకం ఇక్రిశాట్‌ది. ఆ సంస్థ ఉన్నది మేము హైదరాబాదు బస్సులో దాటే పటాన్‌చెరులోనే!

ఇంకో సంగతి. మెండల్ బఠానీల్లో పొడుగు, పొట్టి ఒక జన్యువు జతతో తేలిపోతాయి. చలిని తట్టుకునే గుణం అలా కాదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం సాయం చేస్తాయి. ఒక్క జన్యువు "ఉంది", "లేదు" అని రాయడమే తప్పు.

ప్రదర్శన రోజు ఆ వాక్యం మీద కాగితం అంటించి ఇలా రాశాను: "చలికి పూత రాలింది. జన్యువు సంగతి నేను చూడలేదు." బహుమతి రాలేదు. కానీ ఎవరు ఏం అడిగినా భయం లేకుండా జవాబు చెప్పాను.

ఈ ఏడు తాత తన పాత విత్తనం దోసెడు ఇచ్చాడు. ఈసారి రెండు రకాలు, నాలుగు కుండీలు. ఇక ఫ్రిజ్‌లో చోటుకు అమ్మ ఒప్పుకోవాలి.