ఎలుగునకు మనము పెట్టు ప్రసాదము

మేము మిరపకల్లములు, ప్రత్తిచేలు తప్ప వేరెరుగని గుంటూరు సీమవారము. మా చిన్ననాట ఎలుగుబంటి యనగా ముక్కుత్రాటితో వీథిలోనికి వచ్చునదియే. పిల్లల దడుపు పోవునని మా యమ్మ మమ్ము దానిపై గూర్చుండబెట్టించి, దాని వెండ్రుకలు తాయెత్తున గట్టించి, చేటెడు బియ్యము పోసెడిది. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లోనే వచ్చినను ఆ యాట చాలకాలము సాగి, 2009 నాటికి దేశమున నించుమించు సమసిపోయినది. ఎలుగు మనకు మచ్చికయే యను భ్రాంతి మాత్రము మాలో మిగిలినది.

కొన్ని యేండ్ల క్రిందట శివరాత్రికి నల్లమలలో గాలినడకను శ్రీశైలమునకు బోయితిమి. ఆత్మకూరు చెంతనున్న వెంకటాపురమునుండి నాగలూటి మీదుగా నడచి, పెద్దచెరువుకడ రాత్రి విడిసితిమి. పులిహోర మిగిలిన విస్తళ్లను, అరటితొక్కలను, కొబ్బరిచిప్పలను పొదలచాటున బారవైచి నిద్రించితిమి. తెల్లవారుజామున నలికిడికి లేచి చూతుము గదా, వీపున రెండు పిల్లలతో నొక యాడు ఎలుగు మా విస్తళ్లను నాకుచున్నది!

మాలో నొక పెద్దమ్మగారు "జాంబవంతుడే ప్రసాదమునకు వచ్చినాడు" అని చేతులు మోడ్చి కొబ్బరిచెక్క విసరిరి. మా చెల్లెలి కుమారుడు ఫోటోకై నాలుగడుగులు ముందునకు వేసెను. ఎలుగు వెనుకకాళ్లపై లేచి గుర్రుమనెను. మా ప్రాణములు గడగడలాడినవి. అంతలో నొక చెంచు వృద్ధుడు "పరుగెత్తబోకు బాబూ! మెల్లగ వెనక్కు రా" అని పలికెను. వాడట్లే వచ్చెను. కొంతసేపటికి ఎలుగు పొదలలోనికి బోయెను.

అప్పుడా వృద్ధుడు, "అది మీకోసం రాలేదమ్మా, మీ విస్తళ్లకోసం వచ్చింది. రేపు మీరు వెళ్లిపోతారు. ఇది మా గూడెంలోకి వస్తది" అనెను. ఆ మాట మా గుండెలో ములుకువలె నాటినది.

ఎలుగునకు చెదలు, చీమలు, ఇప్పపూలు, తునికిపండ్లు, తేనె ఆహారము. పై వరుసలో ముందరి పండ్లు రెండు లేకుండుటచే పుట్టను ద్రవ్వి చెదలను గాలితో సహా పీల్చుకొనును. దానికి వాసన దెలియునంత బాగుగా చూపు, వినికిడి యానవు. కావున మనుష్యుడు సమీపించువరకు నెరుగక, ఉలికిపడి, పిల్లలున్నచో మరింత తెగించి మీదబడును. శ్రీశైలముననే శిఖరేశ్వరముకడకు కొబ్బరిచిప్పలకై ఎలుగులు వచ్చినట్లు పత్రికలలో జదివితిమి.

సోదరీమణులారా! యాత్రకు మూట గట్టువారము మనమే. అడవిలో దీపముతో, నలుగురు గూడి, మాటలాడుకొనుచు నడువవలెను. తినుబండారములను మూతగల పాత్రలలో, పండుకొను చోటికి దూరముగా నుంచవలెను. ఎలుగు కనబడినచో దగ్గరకు బోరాదు, రాళ్లు రువ్వరాదు, ఏమియు విసరరాదు. మీదబడినచో బోర్లపరుండి మెడను చేతులతో గప్పుకొనుమని తెలిసినవారు చెప్పుదురు.

మరుసటి యేడు మేము మరల బోయితిమి. ఈమారు మూటలో నొక ఖాళీ సంచి యదనముగా బెట్టుకొంటిమి. మా యెంగిలి విస్తళ్లు, తొక్కలు, చిప్పలు అందులోనే మాతో నడవి దాటి వచ్చినవి.