అశోక్‌నగర్‌లో అయిదంగుళాల లగ్జరీ

ఆదివారం పొద్దున ఆరున్నర. అశోక్‌నగర్‌లో పాతికేళ్లనాటి అపార్ట్‌మెంటు. కింద పార్కింగ్‌లో మా బాబాయి టేపు పట్టుకుని వంగి ఉన్నాడు. రెండో కొస వాచ్‌మన్ చేతిలో. స్తంభం నుంచి సంపు మూత దాకా 14 అడుగుల 6 అంగుళాలు. 'ఇంకోసారి పట్టు' అన్నాడు బాబాయి... ఈసారికి సంపు కాస్త వెనక్కి జరుగుతుందేమోనన్న ఆశతో!

ఆయన కొనాలనుకుంటున్న స్కోడా స్లావియా పొడవు 4,541 మిల్లీమీటర్లు. అంటే దాదాపు 14 అడుగుల 11 అంగుళాలు.

బాబాయిది పాత కోరిక. 1998లో హోండా సిటీ వచ్చింది. 2001లో స్కోడా ఆక్టేవియా. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో థియేటర్ల ముందు అలాంటి కారు ఆగితే సినిమా టికెట్ల క్యూలోంచి తలలు తిరిగేవి. వాటిలో బాబాయిదీ ఒకటి. ఆయనకప్పుడు మారుతి 800 ఉంది... పొడవు 11 అడుగులు కూడా లేని బండి. పిల్లల చదువులు, ఫ్లాటు, అమ్మాయి పెళ్లి. ఇప్పుడు రిటైరయ్యాడు. చేతికి డబ్బొచ్చింది. 'డిక్కీ ఉన్న కారు' కోరిక మళ్లీ లేచింది.

షోరూం టెస్ట్ డ్రైవ్ అంటే నున్నటి రోడ్డు మీద పది నిమిషాల షికారే కదా. బాబాయికి అది ఆనలేదు. 'కారు తిరగాల్సింది ఇక్కడ. చూడాల్సిందీ ఇక్కడే' అన్నాడు. అందుకే మా కొలీగ్ స్లావియాను ఓ పూట అరువడిగి తెచ్చాను. 999 సీసీ టర్బో పెట్రోలు ఇంజిన్, 115 పీఎస్ శక్తి, ఆటోమేటిక్ గేరు. వెనక సీట్లో పిన్ని.

అశోక్‌నగర్ సందులకు ఆదివారం సెలవు లేదు. పోటీ పరీక్షల పిల్లలు పుస్తకాల సంచులతో సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు నడుస్తున్నారు. అటు ఇడ్లీ బండి, ఇటు జిరాక్స్ షాపు బోర్డు, మధ్యలో హాస్టళ్ల ముందు వరసగా మోటారుసైకిళ్లు. వెడల్పు ఇబ్బంది పెడుతుందనుకున్నాం. పెట్టలేదు. స్లావియా వెడల్పు 1,752 మిల్లీమీటర్లు, స్విఫ్ట్‌ది 1,735. తేడా రెండు సెంటీమీటర్లు కూడా లేదు. కష్టమంతా మలుపుల్లో! స్విఫ్ట్ ఒక్కసారిలో తిరిగే మూల దగ్గర మేం ఆగి, వెనక్కొచ్చి, మళ్లీ తిప్పాం. వెనక పాలవాడి హారన్ సరేసరి. ఇంకోటి... నెమ్మదిగా పోతున్నప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ ఓ క్షణం ఆలోచించి ఒక్కసారిగా దూకుతుంది. ఈ సందుల్లో ఆ దూకుడుకు అలవాటు పడాలి.

ఇందిరాపార్కు దగ్గర స్టీలు బ్రిడ్జి ఎక్కాక మాత్రం బాబాయి ముఖం చూడాలి! 2023 ఆగస్టులో మొదలైన ఈ నాయిని నర్సింహారెడ్డి వంతెన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మెట్రో లైను పైనుంచి దాటి వీఎస్టీ దాకా పోతుంది. రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. కారు జారుతున్నట్టు పోయింది. ముందు సీట్లోంచి చల్లగాలి వీపుకు తగులుతోంది. చప్పుడు లేదు, కుదుపు లేదు. 2023 గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో ఈ కారుకు అయిదు నక్షత్రాలు వచ్చాయి. తలుపు వేస్తే వచ్చే శబ్దంలోనే ఆ గట్టిదనం తెలుస్తుంది. డబ్బులన్నీ ఈ రెండు కిలోమీటర్లకే అనుకుంటే ఎవరూ కాదనలేరు.

కానీ వంతెన దిగాలిగా! తిరిగొచ్చి చిక్కడపల్లి రోడ్డెక్కాం. మెట్రో స్తంభాల పక్కన ఆటోలు, యూటర్నులు, అడ్డంగా దాటే జనం. నారాయణగూడ వైఎంసీఏ దాటేసరికి మైలేజీ మీటరు లీటరుకు 9 కిలోమీటర్లు చూపించింది. టిఫిన్‌కు ఆగుదామంటే కారు పట్టే జాగా కోసం రెండు చుట్లు తిరిగాం. చివరికి పిన్ని దిగి పార్సిల్ కట్టించుకొచ్చింది. దిగడమంటే మాటలా... సీటు కిందికి ఉంది, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. తలుపు పట్టుకుని లేచింది. 'కుర్చీలోంచి లేస్తున్నట్టు లేదురా, పీటమీంచి లేస్తున్నట్టుంది' అంది. ఇంజిను గురించి రాసే నిపుణులెవరూ ఈ మాట రాయరు.

అసలు 'లగ్జరీ' ఎక్కడ మొదలవుతుంది? మన పన్నుల లెక్కలో నాలుగు మీటర్ల దగ్గర! 2006 బడ్జెట్‌లో చిన్నకార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గించినప్పుడు గీసిన గీత అది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకొచ్చిన జీఎస్టీలో నాలుగు మీటర్లలోపు పొడవు, 1,200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు కారుకు 18 శాతం. స్లావియా ఇంజిన్ వెయ్యి సీసీ లోపే. అయినా పొడవు వల్ల 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 45 ఉండేది, కాబట్టి తగ్గినట్టే. 2025 చివర్లో షోరూం ధర సుమారు 10 లక్షల నుంచి 18 లక్షలు. దానిపై లైఫ్ ట్యాక్సు, బీమా.

బీమా అంటే గుర్తొచ్చింది. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా అశోక్‌నగర్ మీదుగానే పోతుంది. 2000 ఆగస్టు వానలకు ఈ వీధులు మునిగాయి, 2020 అక్టోబరులోనూ నీళ్లొచ్చాయి. స్లావియా నేలకు 179 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. సెడాన్లలో ఇది మంచి ఎత్తే. వరదకు మాత్రం జానెడే. నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజిన్ చెడితే మామూలు పాలసీ సాధారణంగా డబ్బివ్వదు. ఇంజిన్ రక్షణకు వేరే కవరు తీసుకోవాల్సిందే.

నన్నడిగితే నాలుగు మీటర్లలోపు, సీటు ఎత్తుగా ఉన్న బండి తీసుకోమన్నాను. మిగిలిన డబ్బులు బ్యాంకులో ఉంటాయి, పిన్ని మోకాళ్లూ సుఖపడతాయి. బాబాయి విన్నాడు. విననట్టే ఉన్నాడు.

తిరిగొచ్చి స్లావియాను ఆయన జాగాలో పెట్టాం. బంపరు స్తంభాన్ని తాకేదాకా పోనిచ్చినా తోక అయిదంగుళాలు సంపు మూత మీదికొచ్చింది. 'టాంకరొస్తే మూతెట్ల తీయాలె సార్?' అన్నాడు వాచ్‌మన్. పిన్ని నావైపు చూసి నవ్వు ఆపుకుంది.

నేను కొలీగ్ ఇంటికి బయల్దేరుతుంటే బాబాయి ఫోను తీసి అసోసియేషన్ సెక్రటరీకి చేశాడు. సంపు మూత అడుగు పక్కకు జరిపించాలంటే మేస్త్రీ ఎంత తీసుకుంటాడో కనుక్కుంటున్నాడు.