మబ్బు పట్టింది, రండి!

పొద్దున్నుంచి సూర్యుడి జాడ లేదు. ఇంకో ఊళ్ళో అయితే ఈపాటికి "ఏంటో, ఏమీ తోచట్లేదు" అని దుప్పటి ముసుగెట్టేవాళ్ళు. మన పుట్టపర్తిలో మబ్బు పడితే జనం ఇళ్ళలోంచి బయటికొస్తారు. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన చూసే సీమ మరి, నల్లమబ్బుకు మర్యాద ఎక్కువ. పైగా ఆషాఢం, కొత్తల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. ఆయనకు దక్కాల్సిన మర్యాద కూడా మబ్బుకే!

మబ్బు వెంట గాలి తప్పదు కదా. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే మూట దించేసి, మన దగ్గరికి చేతులూపుకుంటూ వస్తాయి. దండెం మీది పంచె పక్కింటి వేపచెట్టెక్కి కూర్చుంటుంది. రామగిరి కొండల మీది గాలిమరలకు మాత్రం ఇదే పండగ. వాననివ్వని గాలి కరెంటైనా ఇస్తోంది, పోనీలెండి.

ఇక అరుగుల సంగతి. విత్తనం బుడ్డలు ఒలిచే రోజులివి. అదే, వేరుశెనక్కాయలు. మూట విప్పి మధ్యలో కుప్ప పోసుకుని నలుగురైదుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుంటారు. బొటనవేలితో కాయ మొన మీద ఒక్క నొక్కు, టప్‌మని రెండు చెక్కలు. ఎర్రపొర చెదరని గింజ చేటలోకి, ముడత పడ్డది గిన్నెలోకి, అన్నిటికన్నా లావుపాటిది అటుగా పోతున్న పిల్లాడి నోట్లోకి. యంత్రంలో వేస్తే గంటలో పని తెమలదా అంటారు తెలియనివాళ్ళు. పొర ఊడినా, గింజ పగిలినా మొలక సరిగా రాదు మరి. పైగా యంత్రం కబుర్లు చెప్పదు. చేట నిండేలోపు ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో, ఎవరి గేదె ఈనిందో ఊరంతటికీ తెలిసిపోవాలంటే చేతి ఒలుపే మేలు.

గింజలు సిద్ధం, గొర్రు సిద్ధం, పదునే తక్కువ. నిన్న రాత్రి నాలుగు చినుకులు రాలాయని ఒక పెద్దాయన చేలోకి వెళ్ళి, ఇంత మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూశాడు. ముద్ద కట్టి నిలిస్తే విత్తనం పెట్టొచ్చు. వేళ్ళు విప్పగానే పొడిపొడిగా రాలిపోయింది. పక్కనే మనవడు సెల్‌ఫోన్ చూపించి, "తాతా, నూటికి ఎనభై పాళ్ళు వాన అంటోంది" అన్నాడు. తాత అరచేయి చూపించి, "ఇదేమో ఇంటికి పొమ్మంటోంది రా" అన్నాడు.

అన్నట్టు, ఇలాంటి పొద్దుట ఉగ్గాని తినకపోతే మబ్బుకే అవమానం. నానబెట్టి పిండిన బొరుగులు, తిరగమోత, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. ఒక్క ప్లేటే అని కూర్చున్నవాళ్ళను మళ్ళీ అడగకండి, పాపం. ఇంట్లో మధ్యాహ్నానికి రాగిముద్ద, ఊరిబిండి ఉన్నాయన్న సంగతి రెండో ప్లేటయ్యాకే గుర్తొస్తుంది.

ఇక గురుపౌర్ణమికి సత్యసాయి బాబా ఆశ్రమం వల్ల ఊరు నిండుతుంది. అన్ని దేశాలవాళ్ళూ వస్తారు కాబట్టి మన పూలబుట్ట అవ్వ నాలుగు భాషల్లో లెక్క చెబుతుంది. బడికి పోయిందా అంటే నవ్వుతుంది. ఆమె బేరం ఆపి తెలుగులోకి దిగిందంటే మాత్రం జాగ్రత్త, అది తిట్టయ్యుంటుంది.

పీర్ల పండుగ కూడా ఈ మధ్య ఏళ్ళలో ఈ గాలికాలంలోనే పడుతోంది. గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి బస్సెక్కేవాళ్ళలో తురకలెవరో, హిందువులెవరో టికెట్టు కొట్టే కండక్టరుకే తెలియదు. చక్కెర చదివింపులు చేతిలో పడ్డాక ఎవరికీ పట్టదు కూడా.

చిలమత్తూరు వైపు వీరాపురం కొంగలు గుర్తున్నాయిగా? ఊరి నడుమ చింతచెట్ల మీద ఏటా గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసుకుని, రెక్కలొచ్చాక ఈ రోజుల్లోనే ప్రయాణం కడతాయి. సైబీరియా కొంగలని అందరూ గొప్పగా చెప్పుకుంటారు గానీ, అవి మన దేశపు ఎర్రకాళ్ళ కొంగలే. అయితేనేం, పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. కింద నడిచినప్పుడు నెత్తిన ఏం పడ్డా కిక్కురుమనరు.

నీళ్ళ మాట రాకుండా మన కబుర్లు ముగియవు. 1995 నాటికి అప్పటి మన అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ళవి ఫ్లోరైడు నీళ్ళు. బాబా తలపెట్టిన తాగునీటి పథకం అప్పుడు ఏడువందలకు పైగా ఊళ్ళకు చేరింది. 1999లో దాని మీద తపాలా బిళ్ళ కూడా వేశారు. కొళాయి దగ్గర తగాదాలు ఇప్పుడూ ఉన్నాయి, కానీ ఆ రోజుల తగాదాలంత రుచిగా లేవంటారు పాతతరం వాళ్ళు.

చిత్రావతి సంగతి తెలిసిందే. నంది కొండల వైపు పుట్టి, మన దాకా వచ్చేసరికి చాలా ఏళ్ళు ఇసుకే. అందుకే బుక్కపట్నం చెరువు నిండి మరవ పోతుందంటే చాలు, బండి మీద ముగ్గురేసి బయల్దేరతారు. పసుపు కుంకుమలు వేసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, ఏమీ చేయకుండా ఊరికే నిలబడి నీళ్ళు చూసేవాళ్ళు. ఎక్కువమంది మూడో రకమే. డబ్బు పెట్టి సముద్రం చూసొచ్చినవాడు కూడా ఆ కట్ట మీద గంటసేపు నోరు తెరుచుకుని నిలబడతాడు. మరవ పోయిన ఏడాది, పోని ఏడాది అని లెక్కపెట్టుకుని పిల్లల వయసులు చెప్పే తల్లులు ఇప్పటికీ ఉన్నారు.

ఉండండి, ఫోను. కొత్తచెరువు నుంచి మా వదిన. అక్కడ పడిందట, బాగానే పడిందట, వాకిట్లో నీళ్ళు నిలిచాయట. మీకు పడిందా అని అడుగుతోంది, ఆ గొంతులో ఎంత దర్జానో. మాకింకా గాలే.